ఆదివారం సంతకం

ఆదివారం పదిగంటలకు
బేతంచెర్ల స్టేషన్ మెట్టు మీద చెప్పులిడిచి
హుసేనప్ప సంతకం పెట్టిపోతాడు.
వేళ్ల సందుల్లో నాపరాతి పొడి తెల్లగా ఎండి ఉంటాది,
పెన్ను అందుకునే ముందు లుంగీకి తుడుచుకుంటాడు.

రెండేండ్ల కింద బీడీబంకు అద్దం మీద
సుత్తె ఎత్తినాడు.
అద్దంలోంచి ఎవరో పేరు పెట్టి పిలుస్తా ఉండిరంట.
బంకాయన చెవికి ఏడు కుట్లు.
ఆ కుట్లు అబద్ధం కాదు.
ఆయన బిడ్డ ఇప్పటికీ ఆ సందులో నడవదు,
అదీ అబద్ధం కాదు.
కాగితాల్లో వాని గురించి ఒకటే మాట:
'మతి స్వాధీనంలో లేదు.'
అందుకే ఈ పుస్తకం. అందుకే నేను,
హోంగార్డు మద్దిలేటిని.

పుస్తకంలో 'ప్రవర్తన' అని ఒక గడి,
నా బొటనవేలంత.
నూటామూడు వారాలు అందులో
'మామూలే' అని రాసినాను.

మామూలే అంటే:
పాలిష్ మిషన్ మోతలో ఉన్నంతసేపే వాడు నెమ్మది,
కరెంటు పోతే చెవుల్లో దూది.
అక్క సుంకులమ్మ ఉల్లిగడ్డలు తరిగే కత్తిని
బియ్యం డబ్బాలో దాస్తాది.
దాచినట్టు వానికి తెలుసు,
తెలిసినట్టు ఆమెకూ తెలుసు.

నెలకొక సూది, కర్నూలు పెద్దాసుపత్రిలో.
శ్రావణంలో పోతే స్టాకు లేదన్నారు.
భాద్రపదంలో పోతే డాక్టరు బదిలీ అన్నారు.
సూదికి పుస్తకంలో గడి లేదు.
సంతకం మాత్రం తప్పలేదు,
అక్షరాలే వారం వారం చిన్నవైనాయి,
చీమలు పుట్టలోకి పోతున్నట్టు.
చూసినాను.
'మామూలే' అని రాసినాను.

బుధవారం రాత్రి రెండు దాటినాక
తలుపు కాడ నిలబడినాడు, కాళ్లకు చెప్పుల్లేవు.
చేతిలో సుత్తె.
నా చెయ్యి లాఠీ మీదికి పోయింది, దాచడమెందుకు.
వాడు పిడి నా దిక్కు తిప్పినాడు,
కత్తెర ఎట్లా ఇయ్యాలో పిల్లోల్లకు నేర్పుతామే, అట్లా.
"సార్, మళ్లా పిలుస్తా ఉండారు.
ఇది నీ కాడ పెట్టుకో.
నన్ను లోపలేసి తాళమెయ్యి, బస్సు టైం దాంకా."

తాళం వెయ్యలేదు.
పాత ఫ్యాను అయిదు మీద పెట్టినాను,
గడగడలాడతా తిరిగింది.
అదీ చాలక, నాకు తెలిసిన ఊర్లన్నీ
గట్టిగా చెప్పుకుంటా పోయినాను:
రంగాపురం, బుగ్గానిపల్లె, ప్యాపిలి, పాణ్యం...
పాణ్యం రెండుసార్లు చెప్పినానని వాడే దిద్దినాడు.
మొదటి బస్సుకు ఎక్కించి వచ్చి
గడిలో రాసినాను:
'సుత్తె తానే తెచ్చి ఇచ్చినాడు.'
గడి పట్టలేదు, మాట గీత దాటి పక్కకు పోయింది.

మధ్యాన్నం ఎస్సై చదివినాడు.
ఎర్రపెన్నుతో 'తానే తెచ్చి' కొట్టేసి
కింద రాసినాడు:
'సుత్తె ఒకటి. స్వాధీనం.'

సాయంత్రం సుంకులమ్మ వచ్చింది.
మెట్టు కిందనే నిలబడి అడిగింది:
"సూది పడిందంట సార్, నిద్రపోతా ఉండాడు.
ఆ సుత్తె ఎప్పుడిస్తారు?
సోమవారం పనికి పోవాల."