కోతి, ఇరవై టన్నులది

తిరువొత్తియూరు దాటాక, ఎన్నూరు రోడ్డు మీద,
మా లారీ కాటా ఎదురుగా
కంటెయినర్ బండి వెనక చక్రం గుంతలోకి ఒరిగింది.
క్లీనరు పిల్లాడు దొరై
చక్రం కింద రాయి పెట్టబోయి
పాదం పెట్టాడు.

నోరు తెరిచాడు గాని గొంతు రాలేదు వాడికి.
అరిచింది వేరే మనిషి,
ఓడ దిగి సిమ్ కార్డు కోసం తిరుగుతున్న సీమాను,
మొజాంబిక్ వాడు, ఎలీదియు అని తర్వాత తెలిసింది.
రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని
"మకాకు! మకాకు!"

మాకేం వినపడిందో చెప్పనా?
"మా కాకూ" అని.
ఎవరి కాక? ఏడీ? అని టీకొట్టు దగ్గరి మనవాళ్లు
రోడ్డుకి ఆ పక్కా ఈ పక్కా వెతికారు.
"ఎవుణ్ణో తిడతన్నాడ్రా" అన్నాడొకడు.

అతను మాటని వదిలేశాడు.
మోకాళ్ల మీద కూలబడి
గాలిని కిందికి నొక్కాడు, ఎత్తాడు, మళ్లీ నొక్కాడు,
బోరింగు కొట్టినట్టు.

పంక్చరు షాపు మస్తానయ్యకి
చెవులు పోయి పదేళ్లు.
కేక వినలేదు కనకనే
చెయ్యి చూశాడు.
ఆముదం డబ్బా లాంటి నల్లటి జాకీని
నడుం వంచి ఈడ్చుకుంటూ వచ్చాడు.

ముప్పై రెండు టన్నుల నాలుగు వందల కిలోలు.
అరగంట కిందట ఆ చీటీ రాసింది నేనే.
అన్నేళ్లుగా బరువు నాకు అంకె.
ఆ పూట దానికి అయిదు వేళ్లున్నాయి.

అంగుళం కూడా లేవలేదు బండి.
వెలుతురు దూరేంత సందు.
ఎలీదియు పాదాన్ని లాగేశాడు,
చెప్పు లోపలే ఉండిపోయింది.

ఆటో వాణ్ణి తీసుకుని స్టాన్లీ ఆసుపత్రికి పోయాక
అందరం అక్కడే నిలబడిపోయాం, ఏం చెయ్యాలో తెలీక.
ఎలీదియు జాకీని చూపించి, "మకాకు."
అర్థం కాలేదని చంకలు గోక్కుంటూ గెంతి చూపించాడు.
కోతి!
నవ్వాం. నెత్తురింకా ఆరలేదు, అయినా నవ్వాం.

కొండనెత్తిన కోతి మనకుంది.
ఆయుధపూజకి ఆ ఇనప ముద్దకి బొట్టు పెట్టేది మస్తానయ్యే.
అయినా దాన్ని కోతీ అని పిలవాలని
ఒక్కడికీ తోచలేదిన్నాళ్లూ.
మనం ఎవడో తెల్లపిల్లాడి ముద్దుపేరు అరువు తెచ్చుకుని
ఇంజన్లకీ, లేవని హీరోలకీ
జాకీలు పెట్టుకుంటున్నాం.

రాత్రి ఫోనులో వెతికాను.
వాళ్ల క్రేనుకి కొంగతో చుట్టరికం.
తాడు చుట్టి బరువు లాగే యంత్రాన్ని గీన్షు అంటారట,
కీచుమనే అరుపుకీ అదే పేరట.
దొరై గొంతు దాటని అరుపు
ఆ మాటలో దొరికింది నాకు.
చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఒకటి చెప్పడం మరిచాను.
వెళ్లేముందు ఎలీదియు
మస్తానయ్య గ్రీజు చేతిని రెండు చేతులా పట్టుకుని
"మెస్త్రి" అన్నాడు.
ఎవరూ తర్జుమా అడగలేదు.
మేస్త్రీ. అంతే కదా.
ఎప్పుడో వాళ్ల ఓడల్లోంచి దిగి
మన గోడలు కట్టిన మాట.
పెదాలు చూసి మస్తానయ్య తలూపాడు,
ఊరివాడెవడో పిలిచినట్టు.

దొరై ఇప్పుడు కాస్త కుంటుతాడు.
షాపుకొస్తే "ఆ కొరంగు ఎక్కడన్నా?" అని అరవంలో అడుగుతాడు.
వాడి నోట విని ఇంకో క్లీనరు, వాడి నించి మరొకడు.
నిన్న నాయుడుపేట లారీ ఒకటి ఆగింది.
ఎవరో చెప్పి పంపారేమో, డ్రైవరు దిగి
చేత్తో గాలిని నొక్కి చూపిస్తూ
"కోతుందా అన్నా?"

మస్తానయ్య తలెత్తకుండానే,
"ఎన్ని టన్నులకి?"