కర్త లేని వాక్యాలు

జూలై. పదకొండు రోజులుగా వాన.
దక్షిణ చిలీలో ఇది చలికాలం;
రేవులో చేపల బల్లల కింద
నీటిసింహాలు కూడా విసుగ్గా ఆవలిస్తున్నాయి.
రెక్టార్ గది బయట, కట్టెల పొయ్యి పక్కన నా బల్ల.
బల్ల మీద ఆచార్యుల సభ పంపిన కాగితాలు:
ప్రతిపాదనలు తొమ్మిది, జతపరిచినవి నలభై పుటలు,
ఒక మూల కాఫీ మరక.

"ఒరియానా, ఎప్పటిలాగే రాసెయ్" అన్నారాయన
ఆపిల్ చెక్కు తీస్తూ.
చివరిదాకా తెగకుండా తీయడం ఆయన విద్య.

ఎప్పటిలాగే అంటే నాకు తెలుసు.
ఇరవై రెండేళ్లుగా ఈ భాష నా వేళ్లలో కాపురం ఉంటోంది.
ఇందులో కర్తలుండరు.
గమనించడమైనది. పరిశీలించబడును.
ఎవరు గమనించారు? ఎవరూ కాదు,
పొగమంచు దిగినట్టు గమనింపు దానంతటదే జరిగిపోయింది.
'తగు సమయం'కి క్యాలెండరులో గడి లేదు.
'సూత్రప్రాయంగా' అంటే
తలుపు తీసి, గొలుసు తీయకపోవడం.

మొదటిది: గ్రంథాలయం రాత్రంతా తెరిచి ఉంచాలి.
కమిటీ వేశాం.
రెండోది: కమిటీలు తగ్గించాలి.
దానికీ వేశాం.
ఐదోది కుక్కల సంగతి. తరమొద్దట, టీకాలు వేయించాలట.
అది చదువుతుంటే నా కాళ్ల దగ్గర డీన్ తోకాడించింది.
డీన్ అంటే గోధుమరంగు వీధికుక్క, పేరు పిల్లలు పెట్టారు.
ముందస్తు అనుమతి లేకుండా రెక్టార్ గదిలోకి
వెళ్లగల ప్రాణి ఇక్కడ అదొక్కటే.
ఐదోదానికి ఆమోదం దొరికింది.

ఏడోది వృక్షశాస్త్రం ఎల్సీరా న్యాంకుపిల్ రాసింది.
అన్నింట్లోకీ పొట్టిది.
గదులు తుడిచే ఆడవాళ్లు దిగే బస్సు నాలుగూ యాభైకి వస్తుంది.
తర్వాతి బస్సు ఏడింటికి.
గేటు ఆరింటికి గానీ తీయరు.
ఒక రేకు కప్పు, ఒక బెంచీ కావాలి.
కింద పేర్లు: సొయిలా, ఎదీత్, హువానా రోసా,
మిరేయా, క్లోరిందా.

పాత ఫైలు తీశాను. ఇది ఆరోసారి.
బస్సాగే చోటు పురపాలక సంఘానిదని మేం రాశాం,
గోడ విశ్వవిద్యాలయానిదని వాళ్లు రాశారు.
గోడకీ రోడ్డుకీ మధ్య మూరెడు నేల.
ఆ మూరెడులోనే వాళ్లు నిలబడతారు.
పోయినేడు పేర్లు ఆరు.
ఒతీలియా ఈసారి లేదు.
ఎందుకు లేదో కాగితంలో లేదు.

నా బస్సు ఎనిమిదింటిది.
నేనొచ్చేసరికి నా బల్ల కింద నేల
తడి ఆరి, సబ్బు వాసనతో ఉంటుంది.
ఇన్నేళ్లూ నేనూ అలాగే అనుకున్నాను:
నేల తుడవబడును.

తేదీ మార్చి పాత జవాబే పెట్టాలి, నిమిషం పని.
పెట్టాను కూడా.
పొయ్యిలో కట్టె చిట్లింది.
మళ్లీ చదివి, మొత్తం చెరిపి,
నిర్ణయం మార్చకుండా, వ్యాకరణం మాత్రమే మార్చి
ఇలా రాశాను:

"రెక్టార్‌నైన నేను,
చీకట్లో, వానలో నిలబడే సొయిలాకి, ఎదీత్‌కి,
హువానా రోసాకి, మిరేయాకి, క్లోరిందాకి
ఒక బెంచీ ఇవ్వనని చెబుతున్నాను."
కింద సంతకానికి చోటు వదిలాను.

ఆయన చదివారు. కలం మూత తీశారు.
మళ్లీ చదివారు.
కలం పక్కన పెట్టి ఇంకో ఆపిల్ అందుకున్నారు.
రెండు చుట్లకే చెక్కు తెగి నేల మీద పడింది.
డీన్ వాసన చూసి వదిలేసింది.

"ఇదెవరు రాశారు?"

"రాయబడిందండీ" అన్నాను.