గిన్నె అడుగు

దుక్మ్‌ల పొద్దు పొడవకముందే
బెలూనుకు గాలి పడతా.
గాలి కాదు, హైడ్రోజన్.
సిగరెట్టు జేబుల ఉన్నా దాద్‌కరీం తిడతడు.
నా ఎత్తుకు రెండింతలయ్యేదాంక నింపి
తాడు ఇడిస్తే
సముద్రం మీది గాలి ఒక్క గుంజు గుంజి
నా చేతుల్నుంచి తీసుకుంటది.
ఏడేండ్లు. రోజుకు రెండు.
ఒక్కటి గూడ మళ్ళి నన్ను చూడలే.

ఈ నెల దాని తోకకు
శంసా మేడం కొత్త డబ్బా కట్టింది,
సబ్బుబిళ్ళంత.
ముప్పై కిలోమీటర్ల మీద గాలిని పీల్చి
అండ్ల నలుసులు లెక్కపెడతదట.
"ఏం నలుసులు?" అన్న.
అరబ్బీల చెప్పింది, తర్వాత హిందీల,
"కాలిఖ్".
నాకు నా భాషల వినపడ్డది.
మసి.

మెట్‌పల్లి బస్టాండు, లతీఫ్ సేటు చాయ్ హోటల్.
పదకొండేండ్లోణ్ణి, పంపు స్టవ్వు నా కొలువు.
మంట నీలంగ ఉన్నంతసేపు సేటు మంచోడు.
పచ్చగయిందా,
"పిన్ను కొట్టురా, కిరసనాయిలు నీ అయ్య పోస్తడా!"
రాత్రి పదికి షట్టరు సగం దించి
కొబ్బరిపీచు, బూడిద, ఇసుకతోని
గిన్నెల అడుగులు తోముతుంటే
గోళ్ళ కింద దిగిన నలుపు
పెండ్లినాటికి గూడ పోలే.

ఆ కిరసనాయిలే,
జరంత శుద్ధి చేసిందట,
తీరం మీంచి లేచే ఆ తెల్ల స్తంభం కడుపుల.
నేల మీది మసిని
వారం పది రోజులల్ల వాన కడిగి దించుతది.
అంత ఎత్తుకు మబ్బు ఎక్కదు.
ఎక్కిన మసి మాత్రం మూడేండ్లు, నాలుగేండ్లు
ఎండను తాగుకుంట, వేడెక్కుకుంట
తిరుగుతనే ఉంటదట.

జూన్ నెల. పన్నెండున్నర నుంచి మూడున్నర దాంక
బయట పని బంద్, సర్కారు రూలు.
రేకుల షెడ్డు కింద పదహారు మందిమి,
నెత్తి మీద తడిగుడ్డలు.
నేను అడిగిన:
"మసి ఎండను ఆపితే
కింద మాకు నీడే కద మేడం?"
ఆమె నవ్వింది.
తర్వాత నవ్వు ఆపింది.
"కొద్దిగ నీడే.
కానీ పైన వేడెక్కితే గాలులు తోవ తప్పుతయి.
ఎవరి వాన ఎవరింట్ల పడతదో
ఇంకా లెక్క తేలలే."
సిమెంటు బస్తా మీద కాగితం పెట్టి
ఒక గీత గీసింది, కొట్టేసింది.

లెక్క తేలలే గని
పంపుడు ఆగలే.
మసి పూసి మారేడుకాయ చేసుడు చిన్నప్పట్నుంచి విన్న.
మారేడుకాయ ఇంత పెద్దగుంటదని తెల్వది.

శుక్రవారం మాపటికి ఒకటి లేచింది.
చీకటి మా మీద,
ఎలుగు ఇంకా దాని మీద.
బకెట్ గంజిల నీలిమందు చుక్క ఇడిసినట్టు
తోక మెల్లగ విచ్చుకున్నది.
క్యాంపుల అందరు ఫోన్లు పైకి పట్టిండ్రు.
చిట్టగాంగు పిలగాడు షఫీకుల్ ఈల ఏసిండు.
చప్పట్లు కొట్టినం. అబద్ధమెందుకు,
నా చేతులే ముందు.
మసి కనపడలే.
పాలు పొంగేది చూస్తరు గని
గిన్నె అడుగు ఎవరు చూస్తరు?

మనం ఉన్నది అడుగు దిక్కే గద.
ముప్పై కిలోమీటర్ల పొడుగు చెయ్యి,
దానికి తగ్గ కొబ్బరిపీచు
ఏ కంపెనీ ఇస్తది?

నా బెలూన్లు గూడ ఏం తక్కువ.
ఎత్తున పగిలి, రబ్బరు పేలికలై
మసీరా దీవి దిక్కు దరియల పడతయి.
(పేరులనే ఉన్నది సూడు మసి.)
తాబేళ్ళు మింగుతయంటడు దాద్‌కరీం,
నేను కట్టిన ముడితో సహా.

రాత్రి రూముల అన్నం పెట్టిన.
మంట పచ్చగ లేచింది.
అల్మార అంత ఎతికిన,
దబ్బనమో, పిన్నీసో,
సన్నగ ఏదన్న ఒకటి.
మాడు వాసన వస్తున్నదని
షఫీకుల్ గోడవతల నుంచి అరుస్తున్నడు.