నిర్గమకాండంలో ఒక ఫోటో

యాపిల్ పళ్ళ కొట్టుకి దొరసాని గాజు కప్పు వేయించింది.
లోపల ఈథర్ ఘాటు, దాని అడుగున ఇంకా పళ్ళ వాసన.
"లవ్‌డే, చీపురు అక్కడ పెట్టు.
ఇవాళ నువ్వు మరియవి."

భోజనాల గది కిటికీ తెర తీసి నా నెత్తిన కప్పింది,
పొద్దున నేనే ఇస్త్రీ చేసిన నీలం తెర.
ఆ మందు గాజు మీద నీలం తెల్లగా పడుతుందట.
గ్రేవీ మరక మాత్రం నల్లగా తేలుతుందని
ఆ అంచు లోపలికి మడిచింది.

మెడ వెనక ఇనప కొక్కెం.
బాలయేసుకి అద్దె ఆరు పెన్నీలు:
వీధి చివర థామసీన్ మూడోవాడు,
పళ్ళొస్తున్నాయేమో, నా వేలు వదలడు.

"పరలోకం వైపు చూడు."
అటు పొయ్యి గొట్టం ఉంది. దాన్నే చూశాను.
తొమ్మిది దాకా లెక్కపెట్టింది.
నాలుగు దగ్గర వాడు నా ఒళ్ళు తడిపాడు.
ఏడు దగ్గర తల తిప్పాడు.
నేను కదల్లేదు.

బొమ్మ తేలాక చూస్తే
వాడికి ముఖం లేదు, పొగముద్ద.
నల్లబడ్డ వేళ్ళతో గాజు పట్టుకుని
దొరసాని చాలాసేపు తిట్టింది, ఎవరినో తెలీదు.
తర్వాత "ఇదే నయం" అంది.
అచ్చు కాగితానికి తెల్లసొన గిలక్కొట్టింది నేనే.
పచ్చసొనలు కస్టర్డ్‌లోకి పోయాయి.

మా నాన్న జేబెజ్ ఆరు రోజులు తగరపు గనిలో,
ఏడో రోజు చాపెల్లో వాక్యం చెప్పేవాడు.
మా చాపెల్ గోడలకి సున్నం తప్ప ఏమీ ఉండదు.
మరియ బొమ్మ అంటే రోము వాళ్ళ సరుకు.
కొడతాడనుకున్నాను.

అట్టని దీపం దగ్గరికి పట్టుకెళ్ళాడు.
ముఖం చూడలేదు. చేతులు చూశాడు.
ఉతుకు సోడాకి పగిలిన నా కణుపులు.
"వీటిని దాచమనలేదా ఆవిడ?"
అంతే. అట్టని బైబిల్లో పెట్టి మూశాడు.

ఇరవై రెండేళ్ళకి, ఆయన్ని పూడ్చి వచ్చిన రాత్రి
వెతికాను. లూకాలో, పశువులతొట్టి దగ్గర లేదు.
నిర్గమకాండంలో దొరికింది,
ఏ రూపమూ చేసుకోవద్దన్న ఆజ్ఞ మీద
బోర్లా.

పుట గోధుమరంగుకి తిరిగింది.
అక్షరాల మీద నా చెంప, నా కణుపులు.
థామసీన్ కొడుకు ఉన్నచోట మాత్రం
కాగితం తెల్లగానే ఉంది.
వాడిప్పుడు గని దిగుతున్నాడు.
నిన్న శవపేటిక మోసినవాళ్ళలో
ఎడమ పక్క, ముందు.