నల్లరాయి పాఠం

రెండో పీరియడు. చీపురుపల్లి జూనియర్ కాలేజీ.
బోర్డు మీద రాశాను:
అంతర్యుద్ధం తర్వాత అమెరికా, భారీ పరిశ్రమలు.
గోడ అవతల గూడ్సు బండి అందుకుంది.
అది దాటేదాకా చరిత్ర ఆగాలి.
వెనక బెంచీ గురవన్న పెట్టెలు లెక్కపెట్టాడు,
యాభై ఎనిమిది.

చెప్పాను:
తుపాకులు చల్లారాక కొలుములు రాజుకున్నాయని,
ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి
నేలకి ఇనప పట్టీ బిగించారని,
నూనె ఒకడిది, రైలు ఒకడిది, ఉక్కు ఒకడిది,
పోటీ పడ్డవాళ్లని మింగి, మింగలేనివాళ్లతో కలిసి
ట్రస్టు అని పేరు పెట్టుకున్నారని.
"ట్రస్టంటే నమ్మకం కదా మాస్టారూ?" అంది సుగుణ.
అవునమ్మా. అండర్‌లైను చెయ్యి.

పుస్తకంలో ఉక్కు టన్నుల్లో ఉంది.
టన్నులకి చేతులుండవు.

నా బల్ల మీద ఒక రాయి ఉంది,
హాజరుపట్టీ ఫ్యాను గాలికి ఎగరకుండా.
చూస్తే బొగ్గు.
ఎత్తితే తెలుస్తుంది కాదని.

మా తాత తల్లి తవిటమ్మ.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని
పుట్టిన పూటే చేటలో పెట్టి పొరుగింటికి ఇచ్చేసి
శేరు తవుడు పోసి తిరిగి కొనుక్కున్నారు.
అంచేత బజారు ఆవిడకి కొత్త కాదు.
కళ్లు తెరవకముందే ధర తేలిన మనిషి.

గరివిడి అవతల గోతిలో దిగేది.
సుత్తితో పగలగొట్టి,
తెల్లదాన్ని పారేసి నల్లదాన్ని ఏరి
చెక్కపెట్టెలో పోసేది.
అంచుదాకా వస్తే చాలదు, పైన గోపురం లేస్తేనే
పెట్టె నిండినట్టు, మేస్త్రీ లెక్కలో.
"గోపురం కంపినీది, అడుగు మనది," అనేదట
పక్కావిడతో, నవ్వుతూ.

గంధకం తగిలిన ఇనుము
ఎర్రగా కాలినప్పుడు సుత్తి దెబ్బకి చిట్లిపోతుంది.
ఈ రాయి సారం కాస్త పడితే చాలు,
సాగుతుంది, వంగుతుంది,
మీంచి రైళ్లు పోతున్నా నోరెత్తదు.
(ఇది కెమిస్ట్రీ వాళ్లది. నేను అరువు తెచ్చుకున్నాను.)

ఒకసారి బండివాణ్ని అడిగిందట:
"ఈ రాయి ఎక్కడికెలతాది బావూ?"
"టేసనుకి."
"టేసన్నించి?"
"ఒడ్డుకి."
"ఒడ్డునించి?"
ఎడ్లని అదిలించాడు.

వందేళ్లు దాటినా నా దగ్గరున్నది సగం జవాబే.
కెరటాల మీద ఎగిరెగిరి పడే మసూలా పడవల్లో
ఓడ దాకా వెళ్లింది.
ఆ పైన కాగితాల్లేవు.
లివర్‌పూలో, పిట్స్‌బర్గో, నేను రుజువు చెయ్యలేను.
చరిత్ర మాస్టర్ని. ఊహించకూడదు.

ఊహిస్తాను.
ఏ వంతెన బోల్టులోనో,
ఏ పదో అంతస్తు దూలంలోనో
ఆవిడ ఎడమ చూపుడువేలి గోరు ఉంటుంది.
సుత్తి జారి ఊడింది, పెట్టెలో పడింది,
వెతుక్కోడానికి తీరిక లేకపోయింది.

పాఠం చివర ఒక పేరా:
ఉక్కు దొర ఒకాయన
ముసలితనంలో ఊరూరా గ్రంథాలయాలు కట్టించాడు.
పరీక్షలో రెండు మార్కులు, తప్పకుండా వస్తుంది.
తవిటమ్మకి అక్షరాలు రావు.
వేలిముద్రా సరిగ్గా పడేది కాదట,
సిరా కన్నా వేలే నలుపు.

రాయి ఇచ్చాను, చూడమని.
మూడో బెంచీ దాకా చేతులు మారింది.
సుగుణ అరచెయ్యి నోట్సు అంచుకి తుడుచుకుంది,
ట్రస్టు అన్న మాట పక్కనే.
"ఇది సిలబస్సా సార్?"
కాదు.
పెన్నులు మూతలు పడ్డాయి.

గురవన్న మాత్రం లేచాడు.
ఆ గోతిలోనే ఈత నేర్చుకున్నాడట.
వానాకాలం నీళ్లు పచ్చగా, బలే చల్లగా ఉంటాయట.
"మునిగి మునిగి సూసినాం మాస్టారూ,
అడుగు తగల్నేదు."

ఇంకో గూడ్సు వస్తోంది.