వ, బ

పదకొండేళ్లు బరంపురంలో నర్సుని.
ఇక్కడ, మూసారాంబాగ్ నర్సింగ్ హోమ్ రెండో అంతస్తులో
నా పేరు "అమ్మా, ఆ ట్రే కొంచెం ఇటివ్వు."

ఇంజెక్షన్ నేను చెయ్యకూడదు.
చేసేవాళ్లకి సిరంజి కవరు చింపి ఇవ్వొచ్చు.
మొన్న కొత్తగా చేరిన రమ్యశ్రీ
ముసలాయన మోచేతి మడతలో నరం కోసం
మూడుసార్లు గుచ్చింది.
నాకు కనిపిస్తూనే ఉంది,
ఎండిపోయిన కాలవలో చివరి నీటిచారలా
మణికట్టు పైన, బొటనవేలు వైపు.
చేతులు వెనక్కి కట్టుకుని
గోడమీద క్యాలెండర్ చదివాను.
ఆ నెల్లో ఐదు బుధవారాలు.

ముందు పాత రాష్ట్రం నుంచి
నిరభ్యంతర పత్రం రావాలన్నారు.
నేను వచ్చేసినందుకు ఎవరికీ అభ్యంతరం లేదని
భువనేశ్వర్‌లో ఎవరో సంతకం పెట్టాలట.
మా వార్డు ఇన్‌ఛార్జినడిగితే
అదే రోజు, రెండు చేతులతోనూ పెట్టేది.

నాలుగు నెలలకి వచ్చింది కవరు.
కౌన్సిల్ ఆఫీసులో యాదయ్య గారు
కళ్లజోడు నుదుటికి తోసి
కాగితాలు రెండూ పక్కపక్కన పరిచాడు.
"ఈ హైమవతి ఎవరు? ఈ హైమబతి ఎవరు?"

నేనే అన్నాను. ఇద్దరూ.

ఎలా చెప్పను,
ఇచ్ఛాపురం దాటాక రైల్లోంచి
వ దిగిపోయి బ ఎక్కుతుందని?
ఒకటో తరగతిలో ఒడియా మాస్టారు
తన నాలుకకి తగ్గట్టు నన్ను రాసుకున్నాడని?
ఇంట్లో వ, వార్డులో బ.
నొప్పులు ఆగక నా మణికట్టు నలిపేస్తూ
వాళ్లు అరిచింది "హైమబతి దిదీ" అనే.
జారుతున్న ఆ పిల్లల్ని పట్టుకున్నవన్నీ
బ చేతులు.
ఇప్పుడు జీతం అడుగుతున్నది వ.

ఆయన వినకపోలేదు.
"మా ఇంటామె పేరు గూడ
రేషన్ కార్డుల తప్పే పడ్డదమ్మా" అన్నాడు.
కాసేపాగి,
"అయినా గని, అఫిడవిట్ దేవాలె."

కోర్టు గేటు పక్కన గొడుగు కింద
టైపు కొట్టే కుర్రాడు చదివి వినిపించాడు:
పై రెండు పేర్లు గల వ్యక్తి
ఒక్కరేనని ప్రమాణపూర్వకంగా...
మళ్లీ చదవమన్నాను.
చదివాడు పాపం, వెనక నలుగురు నిలబడి ఉన్నా.
సంతకం దగ్గర చెయ్యి తన అలవాటున
బ పెట్టేసింది.
వాడు కొత్త స్టాంపు పేపరు తీశాడు.
ఇంకో నూటయాభై.

ఫైలు ఇప్పుడు రెండో టేబుల్ దగ్గరుందట.
ఈ రాత్రి మళ్లీ ట్రే పట్టుకుని నిలబడ్డాను.
ముసలాయన రమ్యశ్రీ వైపు చూడకుండా
చెయ్యి నాకు చాచాడు.

"బొటనవేలు వైపు చూడమ్మా,
కొంచెం పైకి" అన్నాను మెల్లగా, ఆ పిల్లకి.
ఒక్కసారికే దొరికింది.
"మీకెలా తెలుసాంటీ?"

దూది తడిపి అందించాను.
"గట్టిగా నొక్కి పట్టుకో."