బయటికి తిప్పిన లైటు

లంకెలపాలెం దాటాక ఎడంవైపు
ముళ్లకంచె వేసిన నాలుగెకరాల ఖాళీ.
అక్కడ మేం అమ్మేది నిద్ర.
రాత్రికి నూటిరవై. స్నానానికి వేరే.

గేటు దగ్గర నేనూ నా రిజిస్టరూ.
బండి నంబరు, సరుకు, వచ్చిన టైము, సంతకం.
ఎరువు బస్తాలు, ఇనప చువ్వలు, రొయ్యల మేత,
ఒకసారి ఒకే ఒక్క కంచు గంట,
నాలిక గోనెగుడ్డలో చుట్టి.

లోపలికొచ్చిన డ్రైవరు ముందు చేసేది
నీళ్లు తాగడం కాదు, టైర్లు తన్ని చూడ్డం కాదు,
కేబిన్ అద్దం కిందికి దించడం.

మా విశాఖ ఉక్క తెలుసు కదా.
సముద్రం మీద గాలి పడుకుండిపోయిన రాత్రి
చొక్కా ఒంటికి జిగురై అంటుకుంటుంది.
రోడ్డు పక్కన ఆపినవాడు
ఆ ఉక్కలోనూ అద్దాలు బిగించుకునే పడుకుంటాడు,
ఒక కన్ను మూసి,
రెండోది డీజిలు ట్యాంకు మీద పెట్టి.

నేనూ అలా పడుకున్నవాడినే.
షీలానగర్ దగ్గర, పోర్టు టోకెను రాక మూడో రాత్రి.
తెల్లారగట్ల టార్పాలిన్ చిరుగుతున్న చప్పుడు,
బట్టల కొట్లో తాను చింపినట్టు.
'దిగకురా, సరుక్కి ఇన్సూరెన్సుంది, నీకు లేదు'
అని నేర్పిన గురువు మాట గుర్తుండగానే
దిగాను.
గేరు మార్చే ఎడం చెయ్యి
ఆ రాత్రి నుంచి పిడికిలి మూసుకోదు.

స్టేషన్లో అడిగారు: అక్కడెందుకు ఆపావు?
ఓనరు అడిగాడు: అక్కడెందుకు ఆపావు?
కట్టు మార్చే నర్సమ్మ కూడా.
మా ఆవిడ మాత్రం
'మరెక్కడ ఆపుతాడమ్మా' అంది.

ఈ ఊళ్లో ఓడకి అన్నీ ఉన్నాయి.
వంతు వచ్చేదాకా లంగరేసుకునే చోటు,
ఎదురెళ్లి తీసుకొచ్చే పైలటు పడవ,
అల నడుం విరగ్గొట్టే రాళ్ల గట్టు.
అదే సరుకు దిగి లారీ ఎక్కాక
దానికీ, దాన్ని లాగేవాడికీ
ఏ గట్టూ లేదు.

మొన్న వానరాత్రి అసిరినాయుడొచ్చాడు,
ఇచ్ఛాపురం వైపు కుర్రాడు, మీసం ఇంకా కుదురుకోలేదు.
'నూటిరవయ్యా? ఓనరివ్వడు బావూ,
నా బువ్వ డబ్బుల్లోంచే ఎట్టాల.'
గోడ బయట, గేటుకి ఇరవై గజాల్లో ఆపుకున్నాడు.
రూలు ప్రకారం వాడు నా రిజిస్టర్లో లేడు.

చెయ్యిన్నరతో స్తంభం ఎక్కాను.
మూడో లైటు మెడ పట్టుకుని బయటికి తిప్పాను.
వాడి బండి మీద తెల్లగా పడింది,
చినుకులు ఒక్కొక్కటే లెక్కకొచ్చాయి.
రెండు గంటలప్పుడు మోటారు సైకిలు మీద ఇద్దరు
స్లో చేసి, వెలుగు చూసి, పోయారు.
దొంగలో కాదో.
తడిసి ఇంటికిపోయే కాంట్రాక్టు కూలీలే కావచ్చు.

పొద్దున్న మేనేజరు జోగారావు:
'కరెంటు బిల్లు మీ తాత కడతాడా?'
యారాడ కొండ మీది దీపం
ప్రతి ఓడనీ డబ్బులు కట్టావా అని అడుగుతుందా సార్, అన్నాను.
ఆయన పోర్టులో గుమాస్తాగా చేసి దిగినవాడు. నవ్వాడు.
'పిచ్చోడా, ఆ వెలుక్కీ ఓడలు డబ్బు కడతాయి.'

నాకా సంగతి తెలీదు.
కాసేపు నోరు రాలేదు.
తర్వాతే అడిగాను:
కట్టేది ఓడ ఓనరా,
సరంగు తన బువ్వ డబ్బుల్లోంచా?

ఆయన టీ గ్లాసు కింద పెట్టి
లెక్కల పుస్తకం తీశాడు, మళ్లీ మూశాడు.
లైటు లోపలికి తిప్పమనలేదు,
ఉంచమనీ అనలేదు.

ఇప్పుడు ఆ వెలుగులో రాత్రికి మూడు నాలుగు బళ్లుంటాయి.
రిజిస్టరు వెనక పేజీ నుంచి వాటిని రాస్తున్నాను,
డబ్బుల గడి గీయకుండా.

నిన్న మళ్లీ వచ్చాడు అసిరినాయుడు.
రెండో రౌండులో టార్చి వేసి చూశాను.
అద్దం నాలుగు వేళ్ల మేర
దిగి ఉంది.
అంతే దిగి ఉంది.